టెలిఫోను రంగమున పోటీ మిగులునా?

2025 వ సంవత్సరము సెప్టెంబరు 27 వ తేదీన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారు ఒడిశా రాష్ట్రమందలి ఝార్సుగూడలో బి.యస్.యన్.యల్. వారి స్వదేశీ 4జీ వ్యవస్థను ప్రారంభించిరి. 97,500 లకు పైగా టవర్లను ఆ దినమున జాతికి అంకితము చేసినట్లు ప్రకటింపబడినది. సీడాట్ సంస్థవారు కేంద్రభాగమును రూపొందింపగా, తేజస్ కంపెనీవారు రేడియో పరికరములను తయారుచేయగా, టీ.సీ.యస్. వారు ఆ రెంటిని కూర్చి నిలబెట్టిరి. తన టెలిఫోను యంత్రసామగ్రిని తానే నిర్మించుకొనగల దేశములు ప్రపంచమున వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే కలవు. ఆ వరుసలో మన దేశము చేరుట మాకు ఎంతయు సంతసము గొల్పుచున్నది.

అయితే ఆ సంతసము వెంటనే ఒక ప్రశ్నయు పుట్టుచున్నది. ఇదే 4జీ సౌకర్యమును రిలయన్సు జియో కంపెనీవారు 2016 సెప్టెంబరు 5 వ తేదీననే దేశమంతట అమ్మకమునకు పెట్టిరి. నడుమ తొమ్మిది సంవత్సరములు గడచిపోయినవి. ఆ తొమ్మిదేండ్లలో ఎన్ని కంపెనీలు కూలినవో, జనుల అలవాట్లు ఎట్లు తారుమారైనవో, ఎవరికెంత లాభము కలిగినదో విచారింపనిదే ఝార్సుగూడ ఉత్సవపు విలువ మనకు బోధపడదు.

సెల్‌ఫోను మన దేశమునకు వచ్చినది 1995 లో. ఆ సంవత్సరము జూలై 31 వ తేదీన పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతి బసుగారు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాంగారితో మాటలాడిరి. ఆ దినములలో నిమిషమునకు 16 రూపాయలవరకు చార్జి యుండెను. పైగా పిలిచినవాడే కాక పిలుపు నందుకొన్నవాడును సొమ్ము చెల్లింపవలసియుండెను. కుశలమడిగినవానికిని ఖర్చే, కుశలమని బదులు చెప్పినవానికిని ఖర్చే! లైసెన్సుల వేలములో కంపెనీలు తమ శక్తికి మించిన మొత్తములు పాడి, వాయిదాలు చెల్లింపలేక చతికిలబడగా, 1999 నాటి నూతన టెలికాం విధానము వారిని ఒడ్డున పడవైచినది. ఏటికి ఇంత యని నికరముగా చెల్లించుటకు మారుగా ఆదాయములో కొంత పాలు చెల్లించిన చాలునని ప్రభుత్వము ఒప్పుకొనెను. రైతుకు మక్తా తీసివైచి పాలికిచ్చినట్లన్నమాట. ఆ పాలు లెక్కయే ఇరువదేండ్ల పిదప కొందరి మెడకు ఉరియైనది. ఆ సంగతి ముందు చెప్పెదము.

2003 నుండి వచ్చు పిలుపులు ఉచితమైనవి. 2009 లో టాటా డొకోమోవారు నిమిషముల లెక్క మాని సెకన్ల లెక్క మొదలుపెట్టగా తక్కినవారును అదే త్రోవ పట్టక తప్పలేదు. 2012 ఫిబ్రవరి 2 వ తేదీన సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసిన పిమ్మటను బజారులో కంపెనీలకు కొదువ లేకపోయెను. వీధి మలుపున నున్న కిళ్లీకొట్టులో ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోను, ఎయిర్‌సెల్, యూనినారు, డొకోమో, రిలయన్సు, బి.యస్.యన్.యల్. కూపనులు తోరణములవలె వ్రేలాడుచుండెడివి. (2014 లో రాష్ట్రము రెండైనను టెలిఫోను లెక్కలలో ఆంధ్ర, తెలంగాణములు రెండును కలిసి ఆంధ్రప్రదేశ్ సర్కిలుగానే నిలిచినవి. రాజకీయములు విడదీసినదానిని టెలిఫోనుశాఖవారు విడదీయలేదు!)

ఇక 2016 లో వచ్చిన మార్పు స్వరూపమును కొంచెము వివరింపవలెను. ఏలయన పాత కంపెనీల పతనమునకు బీజము అందే యున్నది. పూర్వపు పద్ధతిలో ఇరువురు మాటలాడునంతసేపు వారికొరకు ఒక దారి ప్రత్యేకముగా కేటాయింపబడియుండెడిది. వారు మౌనముగా నున్నను ఆ దారి ఇతరులకు పనికిరాదు. కావున నిమిషముల లెక్కన చార్జి వసూలుచేయుట న్యాయముగనే తోచెడిది. 4జీ పద్ధతిలో మాటకు ప్రత్యేకమైన దారి లేదు. మాటయు, పాటయు, బొమ్మయు, జాబును అన్నియు చిన్నచిన్న పొట్లములై ఒకే బాటపై పోవును. వానిలో మాట ఆక్రమించు చోటు అత్యల్పము. సినిమా చూచువాడు బండినిండ బస్తాలు వేసికొని పోవుచుండగా మాటలాడువాడు చేసంచితో నడచిపోవుచున్నాడనిన సరిపోవును. అట్టి బాటను క్రొత్తగా వేసికొన్నవానికి చేసంచులను ఉచితముగా పోనిచ్చుట భారము కాదు.

పాత కంపెనీలకు ఈ విద్య తెలియకపోలేదు. ఎయిర్‌టెల్ వారు 2012 ఏప్రిలులోనే కలకత్తాలో 4జీ ప్రారంభించిరి. కాని వారి ఆదాయములో అధికభాగము మాటల నిమిషములనుండియే వచ్చుచుండెను. క్రొత్త విద్యను సంపూర్ణముగా చేపట్టి మాటలను ఉచితము చేయుటయనగా పాలిచ్చు గేదెను చేజేతుల సంతకు తోలుటయే యగును. ఇంకొకడు వచ్చి తోలుకొనిపోవువరకు వారు కట్టుగొయ్యను పట్టుకొని కూర్చుండిరి. ఇది తెలివితక్కువ యని మేమనము. నడుచుచున్న వ్యాపారము గలవాడెవ్వడైనను అట్లే చేయును.

అయినను జియో కేవలము విద్యాబలముచేతనే గెలిచెననుట సగము సత్యము. 2010 జూన్‌లో ఈ తరంగములను దేశమంతటికి పాడినది ఇన్‌ఫోటెల్ అను ఒక అనామకపు కంపెనీ. వెల సుమారు 12,800 కోట్ల రూపాయలు. వేలము ముగిసిన దినముననే రిలయన్సువారు ఆ కంపెనీలో నూటికి 95 పాళ్లు కొనిరి. మొదట డేటాకు మాత్రమే యుద్దేశింపబడిన ఆ తరంగములపై 2013 లో 1,658 కోట్ల రూపాయల రుసుము చెల్లించి మాటల హక్కునుగూడ సంపాదించిరి. పెట్రోలు శుద్ధి వ్యాపారమువంటి మహావ్యాపారము వెనుక నుండగా, ఒక్క రూపాయి రాబడికి ముందే సుమారు ఒకటిన్నర లక్ష కోట్ల రూపాయలు ఇందు గ్రుమ్మరించిరి. పిమ్మట 2016 సెప్టెంబరునుండి 2017 మార్చి చివరవరకు, అనగా ఇంచుమించు ఏడు నెలలు, మాటయు డేటాయు సమస్తము ఉచితము. ఏడు నెలలు అన్నసత్రము నడుపగలవానితో పూటకూళ్లయింటివారు ఎట్లు పోటీపడగలరు? 170 దినములలో 10 కోట్లమంది చందాదారులు జియోలో చేరిరి. పాతవారు అన్యాయమని గోలపెట్టిరి. వారును ధర్మమూర్తులు కారు. జియోనుండి తమ వైపునకు వచ్చు పిలుపులకు చాలినన్ని దారులు ఇవ్వలేదని 2016 అక్టోబరులో ట్రాయ్ అను నియంత్రణ సంస్థ మూడు పెద్ద కంపెనీలపై మొత్తము 3,050 కోట్ల రూపాయల జరిమానాకు సిఫారసు చేసినది.

పతనము వేగముగా జరిగినది. నార్వేదేశపు టెలినారు (మన యూనినారు ఇదియే) తన వ్యాపారమును ఎయిర్‌టెల్‌కు అప్పగించి వెడలిపోయెను. అన్నగారి జియో ధాటికి తమ్ములుంగారి రిలయన్సు కమ్యూనికేషన్సు 2017 చివరను సెల్‌ఫోను వ్యాపారము మూసివైచి తరువాత దివాలా న్యాయస్థానమునకు చేరెను. ఎయిర్‌సెల్ 2018 లో దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. సెకన్ల లెక్కతో దేశమునకు పోటీ యన నేమో నేర్పిన టాటావారు తమ చందాదారులను ఎయిర్‌టెల్‌కు అప్పగించి చేతులు దులుపుకొనిరి. ఆ యప్పగింత 2019 లో ముగిసినది. ఒకరితో నొకరు పోరాడుకొనుచుండిన వొడాఫోను, ఐడియాలు 2018 ఆగస్టు 31 వ తేదీన ఒకటైనవి. రెండు బలహీనములు కలిసిన బలము వచ్చునని వారు తలంచిరి కాబోలు! మూతపడిన కంపెనీల వెంట వేలకొలది ఉద్యోగులు వీధిన పడిరి. కూపనుల దుకాణదారులు వేరు పనులు చూచుకొనిరి. ఎయిర్‌సెల్‌వంటి కంపెనీలను నమ్ముకొనియుండిన టవర్ల కంపెనీలు ఆదాయము లేక క్రుంగినవి. పొలము గట్టునను మేడమీదను టవరుకు చోటిచ్చి నెలనెల అద్దె పుచ్చుకొనుచుండిన మన పాఠకులలో కొందరికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఇంతలో మక్తాకు మారుగా వచ్చిన ఆ పాలు లెక్క పైకి తేలినది. ఆదాయములో పాలు అన్నారు సరే, ఏది ఆదాయము? టెలిఫోనుపై వచ్చినదా, లేక అద్దెలు, వడ్డీలు మొదలగు సమస్తమునా? కంపెనీలు మొదటిదే యనిరి. ప్రభుత్వము సమస్తమనెను. పాలికాపు పండించిన వరిలోనే కాక వాని పెరటి గుమ్మడికాయలలోను పాలడిగినట్లున్నదీ వాదము. 2019 అక్టోబరు 24 వ తేదీన సుప్రీంకోర్టు ప్రభుత్వపక్షముననే తీర్పు చెప్పినది. అసలు, వడ్డీ, జరిమానా, జరిమానాపై వడ్డీ కలిసి కంపెనీలపై సుమారు 92 వేల కోట్ల రూపాయలు పడినవి. ఆ తీర్పు వచ్చిన తరువాత వొడాఫోను ఐడియా ఒక్క త్రైమాసికమునకే 50,921 కోట్ల రూపాయల నష్టము ప్రకటించినది. క్రొత్తగా పుట్టిన జియోకు పాతబాకీలు లేవు. కాబట్టి పాతవారిని పడగొట్టినది క్రొత్త విద్య యని మాత్రమే వ్రాయువారు చరిత్రను సగమే చెప్పుచున్నారు. క్రొత్త విద్య త్రోసినది, మహాధనము తొక్కినది, ప్రభుత్వపు లెక్క మెడకు బిగిసినది. మూడును కలిసిననే ఇంతటి పతనము సాధ్యమైనది.

కంపెనీల సంగతి యట్లుండగా జనుల నిత్యజీవనము మారిన తీరు మరియు ఆశ్చర్యకరము. మిస్డు కాలు అను దానిని కనిపెట్టిన ఘనత ఏ ఇంజనీరుకును దక్కదు. అది పేదవాని తెలివి. ఒకమారు మ్రోగి ఆగిన ఊరు చేరితినని యర్థము, రెండుమారులు మ్రోగి ఆగిన నీవే పిలువుమని యర్థము. కూలికి పోయిన భర్తకును ఇంటనున్న భార్యకును, హాస్టలులోని కొడుకునకును ఊరిలోని తండ్రికిని నడుమ పైస ఖర్చులేని సంకేతభాష యొకటి ఏర్పడెను. 2014 లో భారతీయ జనతాపక్షమువారు సభ్యత్వమునే మిస్డు కాలుతో నమోదుచేసికొనిరనిన ఆ యలవాటు ఎంతగా వ్యాపించెనో తెలియగలదు. మాటలు ఉచితమైన మరునాటినుండి ఆ భాషకు పని లేకపోయెను. సెల్‌ఫోను మరమ్మతు దుకాణములలో ఇరువది రూపాయలు పుచ్చుకొని మెమరీ కార్డులో క్రొత్త సినిమా పాటలు ఎక్కించు వ్యాపారము ఒకటి యుండెను, అదియు నశించినది. సంక్రాంతికి, ఉగాదికి శుభాకాంక్షల సందేశము పంపిన పండుగనాడు ప్రత్యేకపు చార్జియని కంపెనీలు పట్టుకొనెడివి. నేడు వాట్సాపులో తెల్లవారకమునుపే వంద పూలగుత్తులు వచ్చిపడుచున్నవి. అంతకుపూర్వము చార్జి తగ్గు వేళకొరకు రాత్రి ప్రొద్దుపోవువరకు పసుపుపచ్చని ఎస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలుచుండిన తరమువారు ఇవన్నియు చూచి నవ్వుకొనుచున్నారు.

లాభము చిన్నది కాదని మేము స్పష్టముగ చెప్పుచున్నాము. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన కూలీలు ఒకప్పుడు వారమునకొకమారు కార్డు కొని నాలుగు మాటలాడి గుండె దిటవు చేసికొనెడివారు. నేడు వారి బిడ్డలు తండ్రి ముఖము చూచుచు మాటలాడుచున్నారు. ఈ యొక్క మేలునకే ఎన్ని నమస్కారములైనను చేయవచ్చును. రైతు యింటియొద్దనుండియే ఫోనుతో పొలమందలి మోటారును నడపుచున్నాడు. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు చీకటిలో, పాములలో పడి పోవు దుర్దశ కొంత తప్పినది. బడి పిల్లవాడు పాఠము వినుచున్నాడు. పాఠములకంటె ఇతరములే హెచ్చుగ చూచుచున్నాడని తల్లిదండ్రులు మొరపెట్టుచున్నారు, అదియు నిజమే. అరుగులమీద పత్రిక చదివి వాదించుకొనుచుండిన పెద్దలును చేతిలోని అద్దమువైపు తలవంచిరి. పత్రికలవారమగుటచే మాకీ విషయమున కొంత కడుపుమంట యున్నమాట వాస్తవము.

ప్రభుత్వమువారును కంపెనీలవారును ఈ లాభమును ఒక్క అంకెతో కొలుచుచున్నారు. 2014 లో ఒక జీబీ డేటా సగటున సుమారు 269 రూపాయలుండగా 2024 నాటికి 10 రూపాయల లోపునకు దిగినది. ఒక్కొక్క చందాదారుడు 2014 మార్చిలో నెలకు సుమారు 62 మెగాబైట్లు వాడుచుండగా 2024 లో 20 జీబీకి పైగా వాడుచున్నాడు. అంకెలు సత్యమే. కాని కొలత యొకటి కాదు, రెండు కలవు. డేటా జీబీ వెల యెంత యనునది మొదటి కొలత. ఏమియు చూడక, ఎవరికిని ఫోను చేయక, తన నంబరును బ్రదికించుకొనుటకు మాత్రమే మనుష్యుడు చెల్లింపవలసిన దెంత యనునది రెండవ కొలత. ఈ రెండవదానిని గూర్చి ఉపన్యాసములలో ఎవరును మాటలాడరు.

2005 చివరను కంపెనీలు జీవితకాలపు పథకములు ప్రకటించినవి. ఒకమారు 999 రూపాయలు కట్టిన చాలును, వచ్చు పిలుపులకు మరల చెల్లింపనక్కరలేదనిరి. ఎవరి జీవితకాలమో వారు చెప్పలేదు! 2018 నవంబరులో ఎయిర్‌టెల్, వొడాఫోను ఐడియాలు 28 దినములకు 35 రూపాయలైనను చెల్లింపనిదే నంబరు నిలువదని నియమము పెట్టినవి. 2023 లో ఆంధ్రప్రదేశ్ సర్కిలులో ఎయిర్‌టెల్ వారి కనీసపు రీచార్జి 155 రూపాయలైనది. 2024 జూలైలో 199 రూపాయలైనది. ఆరేండ్లు నిండకమునుపే 35 కాస్త 199! నెల యనగా 30 దినములని మన పంచాంగములు చెప్పుచుండగా కంపెనీల నెల 28 దినములే. అందుచేత ఏటికి పన్నెండు కాక పదమూడు నెలలు. ఆ లెక్కన నంబరు బ్రదికియుండుటకు ఏటికి 2,587 రూపాయలు.

వద్దనుకొన్న మానుకొనవచ్చును గదా యని కొందరు అనవచ్చును. మానుకొనుట యెట్లు? బ్యాంకులో సొమ్ము తీయబోయిన ఫోనుకు అంకెలు వచ్చును. ఆధార్ పని యన్నను, కిసాన్ నిధి యన్నను, గ్యాసుబండ యన్నను ఆ అంకెలే. నంబరు చచ్చిన మనిషియే లేనట్లు. మాటలు తప్ప వేరేమియు నక్కరలేని ముసలమ్మ తాను ఎన్నడును చూడని సినిమాలకు డేటా వెల చెల్లింపవలసివచ్చినది. 2024 డిసెంబరు 23 వ తేదీన ట్రాయ్ వారు మాటలకును సందేశములకును మాత్రమే వేరుగా పథకములు ఉంచి తీరవలెనని ఉత్తరువు చేసిరి. మరుసటి నెలలో ఎయిర్‌టెల్ వారు 84 దినములకు 469 రూపాయల పథకమును, ఏడాదికి 1,849 రూపాయల పథకమును పెట్టిరి. జియోవారును అట్టివే పెట్టిరి. కొంత మేలు జరిగినదనియే చెప్పవలెను. కాని ఏడాది సొమ్మును ఒకమారే తీసి యివ్వగల కూలి మనిషి యెవరు?

ధరలు ఇట్లు పెరుగుటకు కారణము వెదుకనక్కరలేదు. 2024 జూన్ 27 వ తేదీన జియోవారు చార్జీల పెంపు ప్రకటించిరి. మరునాడే ఎయిర్‌టెల్ వారు ప్రకటించిరి, వొడాఫోను ఐడియావారును ప్రకటించిరి. కూడబలుక్కొనిరని మేమనము, అంత శ్రమ వారికి అక్కరయే లేదు. ఇద్దరే మిగిలిన సంతలో ఒకడు తూకము మార్చిన రెండవవాడు చూచుచునే యుండును. చందాదారులలో నూటికి డెబ్బదిమందికి పైగా ఈ ఇరువురి చేతనే యున్నారు. చార్జీలు నిర్ణయించు స్వేచ్ఛను ట్రాయ్ వారు కంపెనీలకే వదలిరి. డజనుమంది పోరాడుచున్న దినములకు తగిన ఆ స్వేచ్ఛ ఇద్దరు మిగిలిన దినములకును తగునా యని అడుగుచున్నాము.

అప్పుడు జనులు చేసిన పని గమనింపదగినది. 2024 జూలైలో, చార్జీలు పెరిగిన ఆ నెలలోనే, బి.యస్.యన్.యల్. లో సుమారు 29 లక్షలమంది చేరిరి. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోను ఐడియాలు మూడును లక్షలకొలది చందాదారులను పోగొట్టుకొన్నవి. నంబరు మారకయే కంపెనీ మార్చు హక్కు 2011 జనవరినుండి దేశమంతట అమలులో నున్నందున ఇది సాధ్యమైనది. కొలది నెలలు ఈ వలస సాగినది. నవంబరు నాటికి తిరుగుముఖము పట్టినది. వచ్చినవారు మరల ఎందుకు పోయిరి? ధర నచ్చక కాదు. డేటా నడువక, పిలుపు తెగిపోయి, టవరు క్రింద కరెంటు పోయిన ఫోను మూగవోయి విసిగి పోయిరి. ప్రజలు తమంతట తాము తలుపు తట్టిన వేళ ఇంట దీపము లేదు.

ఆ దీపము లేకపోవుటకు కారణము సంస్థ ఉద్యోగుల సోమరితనమే యనుట సులభము. కొంత యుండవచ్చును. కాని దాని చేతులు కట్టిన చరిత్రయు కలదు. సెల్‌ఫోను చందాదారులు వరదవలె పెరుగుచున్న కాలమున, 2006 లో, నాలుగున్నర కోట్ల లైనులకు పిలిచిన టెండరు వివాదములలో చిక్కి సగమునకు తగ్గినది. తరువాత 9 కోట్ల 30 లక్షల లైనులకు పిలిచిన టెండరు 2010 లో రద్దయ్యెను. ప్రైవేటు కంపెనీలు టవర్లు నాటుకొనుచుండగా ప్రభుత్వ కంపెనీ ఫైళ్లు మోసికొనుచుండెను. 4జీ తరంగముల కేటాయింపు 2019 అక్టోబరువరకు నిర్ణయము కాలేదు. 2020 లో గల్వాను ఘటన పిదప చీనా సామగ్రిపై అనుమానములు రాగా 4జీ టెండరు మరల రద్దు. ఆ సంవత్సరము జనవరి చివరను 78,569 మంది ఉద్యోగులు ఒక్కసారిగా స్వచ్ఛందవిరమణపై వెళ్లిపోయిరి. ఇన్ని అడ్డంకుల నడుమ స్వదేశీ యంత్రములనే నిర్మింపవలెనని నిశ్చయించి నిర్మించి నిలబెట్టుట సాహసమే. ఇతర కంపెనీలు విదేశీయంత్రములను కొని తెచ్చుకొన్నవి. బి.యస్.యన్.యల్. వారు వాటిని పుట్టించువరకు కాచుకొనవలసివచ్చెను. ఆ కాచుకొనిన కాలపు నష్టమును సంస్థ లెక్కలోనే వ్రాసి, నష్టములో నున్నదని దానినే నిందించుట న్యాయము కాదు.

2019, 2022, 2023 సంవత్సరములలో మూడు విడతలుగా కేంద్రప్రభుత్వము ప్రకటించిన సహాయము మూడులక్షల కోట్ల రూపాయలను దాటినది. ఇది పన్ను కట్టువారి సొమ్ము. 2024 అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల త్రైమాసికమున 262 కోట్ల రూపాయల లాభము చూపగా పదునేడేండ్ల తరువాత వచ్చిన లాభమని సంతసించిరి. 2025 ఏప్రిలు మొదలు జూన్ వరకు గల త్రైమాసికమున మరల నష్టమే వచ్చినది. ఇంకొక విచిత్రము చూడుడు. బాకీలకు మారుగా వాటాలు పుచ్చుకొనుచు పోగా 2025 లో వొడాఫోను ఐడియాలోను ప్రభుత్వపు వాటా నూటికి 48.99 కి చేరినది. అనగా నాలుగింటిలో బలహీనమైన రెంటికిని ప్రభుత్వమే యజమాని యనదగియున్నది. బలమైన రెంటిపైని అదుపును ప్రభుత్వమువారిదే. ఇరువైపుల పగ్గములును తమ చేతనే యున్నప్పుడు బండి గుంటలో పడిన ఎవరిని అడుగవలెను?

జియోయు ఎయిర్‌టెలును మన దేశీయులవే గదా, స్వదేశీయమను మాట ఇందు ఎందులకని కొందరు మమ్ము ఆక్షేపింపవచ్చును. 2020 లో ఫేసుబుక్కు కంపెనీ జియో ప్లాట్‌ఫారములలో 43,574 కోట్ల రూపాయలకును, గూగుల్ 33,737 కోట్ల రూపాయలకును వాటాలు కొనినవి. ఎయిర్‌టెల్‌లో సింగపూరువారి వాటా చిరకాలముగా కలదు. పరదేశపు మూలధనమును మేము అంటరానిదిగా చూచువారము కాము. అయితే యజమాని జాతిని బట్టి మాత్రమే స్వదేశీయము నిర్ణయింపబడదని మా యభిప్రాయము. నచ్చనప్పుడు విడిచి వేరొకచోటికి పోగల స్వాతంత్ర్యము ప్రజలకున్నదా లేదా యనునదియు చూడవలెను. అట్టి చోటు ఒకటి మిగిలియుండుటకే బి.యస్.యన్.యల్. కావలసియున్నది. అది తక్కినవారిని గెలువనక్కరలేదు. పిలుపు తెగక, డేటా ఆగక, న్యాయమైన వెలకు ప్రతి మండలమునను దొరకుచున్న చాలును. తక్కినవారు చార్జీ పెంచబోవునప్పుడు ఒకమారు దానివైపు చూతురు.

అందుచేత 97,500 టవర్లు నాటితిమను ప్రకటనతో మేము తృప్తిపడజాలము. నాటిన టవరు నడుచుచున్నదా? కరెంటు పోయినప్పుడు దాని బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచుచున్నది? డీజిలుకు సొమ్ము సకాలమున వచ్చుచున్నదా? శ్రీకాకుళపు ఏజెన్సీలోను, ఆదిలాబాదు అడవులలోను, నల్లమలలోను ఎన్ని పల్లెలకు ఇంకను సంకేతము అందలేదు? ట్రాయ్ వారు డేటా వెలను ప్రకటించునట్లే, ఒక నంబరును ఏడాదిపాటు నిలుపుకొనుటకగు కనీసపు వ్యయమును కంపెనీవారీగా త్రైమాసిక నివేదికలో ఎందుకు ప్రకటింపరాదు? 28 దినముల నెలను ఎందుకు సాగనీయవలెను? ఉభయ తెలుగు రాష్ట్రములనుండి లోకసభకు 42 మంది సభ్యులు పోయియున్నారు. ఆంధ్రప్రదేశ్ సర్కిలులోని బి.యస్.యన్.యల్. టవర్లలో ఏ జిల్లాలో ఎన్ని, దినమునకు ఎన్ని గంటలు పనిచేయుచున్నవో తెలుపు పట్టికను సభ ముందుంచుమని వారిలో నెవరైనను రాబోవు సమావేశములో మంత్రిగారిని అడుగుదురేమో యని మేము ఎదురుచూచుచున్నాము.